పదకొండో చూపు

మనిషి కన్ను ఒకచోట నిలవదు. నిలిచిందని మనం అనుకుంటాం, అంతే. సెకనుకు మూడుసార్లు గెంతుతుంది. ఆ గెంతుల్లో చాలావరకు మనకు తెలియకుండానే జరిగిపోతాయి. ఈ సంగతి బలరాం బస్సులో పక్క సీటువాళ్ళకు కూడా ఇష్టంగా చెప్పేవాడు. కల్లూరు దగ్గరి తండాలో పుట్టి, చదువుకుని, హైదరాబాదులో ఒక పరిశోధనా కేంద్రంలో ఉద్యోగం సంపాదించినవాడు. అతని దగ్గర మూరెడు పొడవున నల్లటి పట్టీ లాంటి యంత్రం ఒకటి ఉండేది. దాన్ని లాప్‌టాప్ తెర కింద అమర్చి ఎదురుగా మనిషిని కూర్చోబెడితే, ఆ మనిషి చూపు తెర మీద ఎక్కడెక్కడ వాలిందో ఎర్రచుక్కలుగా చూపిస్తుంది. అడవిలో పెరిగినవాళ్ళు అడవి బొమ్మను ఎలా చూస్తారన్నది వాళ్ళ పరిశోధన. ఆకుల్లో పామో పుట్టగొడుగో ఉంటే, బుద్ధికి తెలియకముందే వాళ్ళ కన్ను అక్కడ వాలుతుందట. పాత వేటగాళ్ళు వింటే నవ్వుతారు, కుక్కకు తెలిసిన సంగతికి యంత్రమెందుకని.

ఆ ఆషాఢంలో మాత్రం బలరాం యంత్రం తెచ్చింది పరిశోధనకు కాదు. భార్య సువర్ణ కోసం.

సువర్ణ మణుగూరు అవతల అడవి పల్లెల్లో నర్సు. ఐదు రోజుల కింద టీకాల డబ్బా భుజాన వేసుకుని పై గూడేనికి బయలుదేరింది. చేరలేదు. పోలీసులు వెతికారు, ఊళ్ళవాళ్ళు వెతికారు. వాగులో కొట్టుకొచ్చిన డబ్బా దిగువ ఒడ్డున దొరికింది, మూత వేసినది వేసినట్టే. లోపల ఫోన్. అందులో చివరి ఫొటోలో వట్టి చెట్లు. సువర్ణ చెట్లను ఫొటో తీసే మనిషి కాదు. ఆమె ఫోన్ నిండా పిల్లల టీకా కార్డులే.

అడవంతా ఎరిగినవాడు బొజ్జయ్య. పోయిన వేసవిలో ఇదే యంత్రం ముందు కూర్చుని, నలభై ఫొటోల్లో దాగిన జంతువులన్నిటినీ పట్టేసిన ముసలాయన. బలరాం అతని కాళ్ళమీద పడ్డాడు.

బొజ్జయ్య ఊళ్ళో బడి పక్క గదిలో యంత్రం పెట్టారు. బయటి వెలుతురు పడితే దానికి చూపు ఆనదు, అందుకని కిటికీలకు గొంగళ్ళు కట్టారు. బయట మిట్టమధ్యాహ్నం. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. తడి గొంగళ్ళ కంపు, మూలనున్న సంచుల్లోంచి పాత ఇప్పపువ్వు వాసన. పెంకుల మీద చినుకులు.

"ఈ చెట్లేడున్నయో చెప్పు తాతా, చాలు."

"చెట్లన్ని ఒక్క తీర్గనే ఉంటయి సారూ, మీ పట్నంల బిల్డింగులు లెక్క" అని బొజ్జయ్య నవ్వబోయి, తెర వెలుగులో బలరాం మొహం చూసి మానుకున్నాడు.

పది సెకన్లు చూశాడు. ఎర్రచుక్కలు చెట్ల మీద లేవు. రెండు నల్లమద్దుల నడుమ నల్లటి సందులో కుప్పగా పడ్డాయి.

"అక్కడేముంది?"

"ఏం లేదు."

"నీ కన్ను అటే పోయింది తాతా."

"పోతది. మల్ల పోనియ్యొద్దు. అడవిల ఏదన్న కంటవడితే ఒక్కపారి చూసి మొకం తిప్పుకోవాలె. రెండోపారి చూస్తే రమ్మని పిల్చినట్టు. మా అయ్య చెప్పిండు."

బలరాం నేర్చిన చదువు దీనికి తలకిందులు. ఒకసారి చూసింది కాకతాళీయం, లెక్కలోకి రాదు. ఒకే బొమ్మను పదిసార్లు చూపించాలి, అప్పుడే అది నిజం.

"రానీ తాతా! ఎవరొచ్చినా రానీ. ఐదు దినాలైంది... ఆమె తిన్నదో లేదో, ఉన్నదో లేదో..." బలరాం ఫొటోను మళ్ళీ తెర మీదికి తెచ్చాడు.

గుమ్మం అవతల చంటి మనవరాలిని ఒళ్ళో ఊపుతూ బొజ్జయ్య భార్య జంపక్క కసిరింది. "చూడరాదు ముసలోడా! కాన్పుల మన బిడ్డ యశోద ప్రాణం నిలవెట్టింది ఆ నర్సమ్మనే. నీ కండ్లేమన్న అరుగుతయా?"

రెండోసారి చూశాడు. చుక్కలు సందులోంచి కాస్త కిందికి జారాయి. మూడోసారి గడ్డి మీద. ఐదోసారి కాలిబాట మీద. ఫొటో అదే. ఆకు కూడా కదలలేదు. చుక్కలే ఇటు వస్తున్నాయి.

ఏడోసారి, ముందున్న పెద్ద బండ పక్కన.

తొమ్మిదోసారి, తెర అడుగు అంచున.

పదోసారి... చుక్క ఒక్కటీ పడలేదు.

"తెర చూడు తాతా."

బొజ్జయ్య తెర చూడటం లేదు. బలరాం భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

"తెరల లేదు సారూ..."

ఏటి అడుగున కుళ్ళిన ఆకు వాసన. దగ్గరగా... బలరాం మెడకు చల్లగా ఏదో తాకింది.

బొజ్జయ్య రెండు అరచేతులతో కళ్ళు మూసుకున్నాడు. "ఆ బండ గుర్తువట్టిన. సొరంగం వాగు మలుపు కాడ. పో. జల్దీ పో. ఎన్కకు చూడకు."

బలరాం వెనక్కి చూడలేదు. బండను మనసులో నిలుపుకోవాలని తెరనే ఇంకొక్కసారి చూశాడు. అది పదకొండోసారి. ఆ తర్వాత గొంగడి లాగేసి వానలోకి పరుగెత్తాడు.

మూడు గంటలకల్లా సువర్ణ దొరికింది. బండ చాటున ముడుచుకుని కూర్చుని ఉంది, కొంగుతో కళ్ళకు గట్టిగా గంతలు కట్టుకుని. ప్రాణంతో ఉంది! ఆమెను ఎత్తుకుని బలరాం పసివాడిలా బావురుమన్నాడు.

పొద్దు వాలేసరికి భద్రాచలం దవాఖానలో మంచం దొరికింది. సెలైన్ ఎక్కుతోంది. కళ్ళ గంతలు మాత్రం ఆమె ఎవరినీ విప్పనివ్వలేదు.

"ఏం చూసినవ్ సువర్ణా?" మెల్లగా అడిగాడు.

"ఒక్కసారే చూసిన. మనిషనుకుని ఫొటో తీసిన. అది నా దిక్కు ఒక్క అడుగేసింది... మల్ల చూడలే. ఫోను డబ్బాల వడేసి మూతవెట్టి కండ్లు కట్టుకున్న. ఐదు దినాలు అది ఉన్నకాడ్నే నిలవడ్డది. ఊపిరి ఇనవడేది."

"ఇప్పుడు లేదు గదా. భయపడకు."

"ఇయ్యాల మధ్యాహ్నం కదిలి పోయింది... ఎవరో పిలుస్తున్నట్టు. మల్ల మల్ల పిలుస్తున్నట్టు."

బలరాం లెక్కపెట్టుకున్నాడు. బొజ్జయ్యవి పది, తనది ఒకటి. పదకొండుసార్లు.

డ్యూటీ నర్సు ప్రమీలారాణి వచ్చింది. సీసా వంక చూసి, కాగితం మీద ఏదో రాసుకుంటూ తల ఎత్తకుండానే కసిరింది.

"పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలె. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?"

"ఒక్కన్నే ఉన్న సిస్టర్."

"మరి మీ ఎన్క ఆమెవరు? తడి బట్టలతోటి వార్డులకు రావొద్దనుండ్రి. అందులో చేతుల సంటిపిల్ల. బయట కూసోమనుండ్రి."

ఆమె రాసుకుంటూనే పక్క మంచానికి వెళ్ళిపోయింది.

సువర్ణ వేళ్ళు బలరాం మణికట్టులో గుచ్చుకున్నాయి.

"పిల్లనా..." అంది గంతల వెనక నుంచి. "అడవిల దాని చేతులు ఖాళీగనే ఉండె."