చలి గదిలో ముగ్గురు

అన్నయ్యను చంపడానికి తుపాకీ అక్కర్లేకపోయింది. అతను ఫ్యాక్టరీ చలి గదిలోకి వెళ్ళగానే బయట గడియ పెట్టి, నైట్రోజన్ వాల్వ్ తిప్పారు. దానికి వాసన లేదు, రంగు లేదు. ఆక్సిజన్ తగ్గగానే మోగాల్సిన అలారంలో బ్యాటరీ లేదు. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. రిపోర్టులో మాత్రం ప్రమాదం అని రాశారు.

ఆ రిపోర్టును ఏజెంట్ ముంగిస చీఫ్ టేబుల్ మీదికి విసిరేశాడు.

"ప్రమాదమా సార్? మా అన్నయ్య గ్లౌజు లేకుండా ఫ్రిజ్‌లో ఐస్ ట్రే కూడా ముట్టుకోడు. బ్యాటరీ చూసుకోకుండా ఆ గదిలో అడుగు పెడతాడా?"

"పెట్టడని తెలుసు. అందుకే నిన్ను పిలిచాను." చీఫ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మన రాకెట్లకు కావలసిన పల్చటి రేకు మీ అన్నయ్య చేసిన ఉక్కు రోలర్ల మధ్యే సాగుతుంది. మైనస్ నూట తొంభై దాకా మెల్లమెల్లగా చల్లబరిస్తేనే ఆ రోలర్‌కి అంత గట్టిదనం. ఆయన తయారుచేసిన చివరి రోలర్ ఇవాళ చలి గది ఛాంబర్‌లో ఉంది."

"మెల్లగా కాకుండా ఒక్కసారిగా నైట్రోజన్ కుమ్మరిస్తే?"

"నిలువునా పగులుతుంది. ఆ పనికే విదేశీ ముఠా మనిషిని పంపిస్తోంది. ఇవాళ వచ్చే ముగ్గురు ఇన్‌స్పెక్టర్లలో ఒకడు. మీ అన్నయ్యను చంపిందీ వాడే. ఎవడో నెమలి చూపిస్తుంది."

నెమలి అంటే ఆ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. అందగత్తె. ఆ అందాన్ని చూసి డిపార్ట్‌మెంట్‌లో సగం మంది ఆమెను నమ్మేశారు.

"ఇంకో మాట. వాడు నాకు ప్రాణాలతో కావాలి."

ముంగిస రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయల్దేరే ముందు వదిన అన్నయ్య బూట్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

"నీకూ ఇదే సైజు. ప్యాంటు మాత్రం బూట్ల మీదికి వదులు, లోపలికి దోపకు. కొత్తవాళ్ళందరికీ ఆయన మొదట చెప్పే మాట అదే. మీద పడ్డది కిందికి జారిపోవాలి, బూట్లోకి దిగితే కాలు పోయినట్టే అనేవారు." ఆమె కళ్ళు ఎర్రగా, పొడిగా ఉన్నాయి. "వాడు దొరికితే వదలకు."

"వదలను వదినా."

ఫ్యాక్టరీలో ముంగిస నెరిసిన పెట్టుడు మీసంతో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ అయ్యాడు. నెమలి ఇన్‌స్పెక్షన్ కంపెనీ మేనేజర్‌గా ఖరీదైన కోటు వేసుకుని వచ్చింది. ఆమెకన్నా ముందు సెంటు వాసన వచ్చింది.

"ఇక్కడ చలి ఎక్కువా?" అంది.

"స్వెటర్ ఇంట్లో మర్చిపోయాను."

కోడ్ కలిసింది. నెమలి పెదవులు కదలకుండా చెప్పింది. "మధ్యలో ఉన్నవాడు."

చలి గదిలో ముగ్గురూ ముఖాలకు షీల్డులు, ఒంటికి యాప్రాన్లు, చేతులకు లావుపాటి గ్లౌజులు తగిలించుకుని ఒకేలా ఉన్నారు. ముంగిస మధ్యవాడి మీదికి దూకబోయి, ఎందుకో కిందికి చూశాడు. మధ్యవాడి ప్యాంటు బూట్ల మీదికి జారి ఉంది. మొదటివాడిదీ అంతే. మూడోవాడు మాత్రం పరేడ్‌కి వచ్చినట్టు ప్యాంటును నిగనిగలాడే బూట్లలోకి నీటుగా దోపుకున్నాడు. బయట గడియ పెట్టి చంపినవాడికి లోపలి పద్ధతులు ఏం తెలుస్తాయి?

అంటే నెమలి అబద్ధమాడింది. నంగనాచి!

అదే క్షణంలో మూడోవాడు ప్యానెల్ మీద బటన్ నొక్కాడు. ఛాంబర్ హోరుమంది. స్క్రీన్ మీద అంకెలు పరుగెత్తాయి. మైనస్ అరవై, మైనస్ డెబ్బై. ఈ వేగంతో వంద దాటితే రోలర్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

"దాన్ని ఆపే పాస్‌వర్డ్ మార్చేశాను," అని నవ్వాడు వాడు. "నువ్వు వాడి తమ్ముడివటగా? నెమలి చెప్పింది. మీ అన్న ఆ తలుపు ఎంతసేపు కొట్టాడో తెలుసా?"

ముంగిస రక్తం మరిగిపోయింది. పక్కనే నమూనా ముక్కలు ముంచే ఫ్లాస్కు ఉంది, నిండా ద్రవ నైట్రోజన్. రెండు చేతులా ఎత్తి వాడి ఎడమ బూటులోకి ఒంపేశాడు.

వాడి అరుపుకు మిగతా ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ బయటికి పరుగెత్తారు. వాళ్ళతోపాటే నెమలి కూడా, తిన్నగా బయట మాటు వేసిన చీఫ్ మనుషుల చేతుల్లోకి.

"బూటు లాగు! లాగరా!" వాడు నేలమీద గింజుకుంటున్నాడు.

"పాస్‌వర్డ్."

"ముందు బూటు!"

"నాకేం తొందర లేదు. చలి నీకు కదా."

మైనస్ తొంభై ఎనిమిది దగ్గర వాడు పాస్‌వర్డ్ కక్కాడు. ముంగిస టైపు చేశాడు. అంకెలు తొంభై తొమ్మిది మీద ఆగిపోయాయి. అప్పుడు గానీ అతను బూటు లాగలేదు.

గదిలో తెల్లటి పొగ కమ్ముకుంది. ముంగిస నడుముకున్న అలారం మోగింది. ఇందులో బ్యాటరీ ఉంది. అతను తలుపు దాటి గడియ మీద చెయ్యి వేశాడు. లోపల వాడు పాకుతున్నాడు. రెండు నిమిషాలు చాలు, లెక్క సరిపోతుంది. కానీ అన్నయ్య లేకుండా వదిన ఏళ్ళూ పూళ్ళూ బతకాలి. వీడికి రెండు నిమిషాల్లో విముక్తా? ముంగిస లోపలికెళ్ళి వాణ్ణి కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

గంట తర్వాత ఫోన్లో చీఫ్ అడిగాడు. "రోలర్?"

"గీత కూడా పడలేదు సార్."

"వాడు ప్రాణాలతోనే ఉన్నాడా?"

"నిక్షేపంగా."

"మరి డాక్టర్ కాలివేళ్ళు తీసేయాలంటున్నాడేంటయ్యా?"

"మీరు ప్రాణాల గురించే చెప్పారు సార్," అన్నాడు ముంగిస, పెట్టుడు మీసం పీకేస్తూ. "వేళ్ళ సంగతి ఎత్తలేదు."