గూబత్త ఎందుకు పడాలి?

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది బుడ్డి. ఆరేళ్ళ పిల్ల. మిగతా రోజుల్లో దుప్పటి లాగినా కదలనిది, ఆ ఒక్కరోజు మాత్రం పళ్ళయినా తోముకోకుండా టీవీ ముందు చతికిలబడేది. 'బుడగల ఊరు' కార్టూను వచ్చేది ఆ పూటే. దాన్ని రాసేది, బొమ్మలు గీసేది వాళ్ళమ్మే.

"అత్తా, రా రా! గూబత్త వచ్చేస్తోంది!"

"వస్తున్నానే తల్లీ, కాఫీ అయినా తాగనివ్వవు కదా," అంటూ మేనత్త వచ్చి పిల్ల పక్కన కుర్చీ వేసుకుంది.

ఆవిడ బడిలో చిన్న తరగతులకు లెక్కలు చెబుతుంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లిలేని తమ్ముణ్ణి పెంచి పెద్దచేసి, అతనింట్లోనే ఉండిపోయింది. ఆ తమ్ముడు కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. ఊళ్ళో సగంమంది నవ్వు తన చేతి చలవేనని అందరితో హాస్యమాడతాడు గానీ, ఇంట్లో అక్కకీ భార్యకీ మధ్య మాట వస్తే మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఉండిపోతాడు.

తెర మీదికి గుడ్లగూబ గూబత్త వచ్చింది. లావు కళ్ళద్దాలు, పసుపుపచ్చ శాలువా, కుడికాలు కాస్త ఈడుస్తూ నడక. ఎవరు ఏం చెప్పుకుని ఏడ్చినా ముక్కు ఎగబీల్చి ఒకటే మాట: "ఇంత దానికేనా?" అంతే, ఎలుకపిల్లల దండు బయల్దేరుతుంది. ఒక వారం గూబత్త నెత్తిన పెంకులు కురుస్తాయి. ఇంకో వారం రోడ్డురోలరు కింద కాగితంలా పల్చబడుతుంది. మరుక్షణమే లేచి దులుపుకుంటుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు.

బుడ్డి తల్లి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చూస్తున్నది తెరను కాదు, పిల్ల పక్కన కూర్చున్న వదిన ముఖాన్ని.

మూడేళ్ళ కిందట ఆమెకు రెండో కాన్పు. బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, వదిన వచ్చి నిలబడి, "ఎలుకపిల్లంత కూడా లేదు. ఇంత దానికేనా ఈ ఏడుపు?" అంది. ఇంటికొచ్చి చూస్తే ఉయ్యాల లేదు. అల్లిపెట్టుకున్న మేజోళ్ళు లేవు. అన్నీ వదినే తీసి ఎవరికో ఇచ్చేసింది.

ఆమె ఆ రోజు అరవలేదు. పళ్ళ బిగువున ఊరుకుంది. తర్వాత తను పనిచేసే కార్టూను స్టూడియోవాళ్ళు పిల్లలకు ఏదైనా సరదా కథ కావాలంటే, మొట్టమొదట గూబను గీసింది. ఆ వెంటనే ఎలుకపిల్లల్ని.

"ఎప్పుడూ ఆవిడేనా పడేది?" అని స్టూడియో పెద్దాయన ఒకసారి అడిగాడు. "అంత శిక్షకి తగ్గ తప్పేం చేసిందమ్మా, పాపం?"

"పిల్లలకి నవ్వొస్తోందిగా సార్," అందామె. "ఇంకేం కావాలి?"

బడిలో పిల్లలు వదినను చాటుగా 'గూబత్త టీచర్' అంటున్నారని తెలిసిన రోజు, ఆమె స్నానాలగదిలో తలుపేసుకుని కడుపుబ్బా నవ్వుకుంది. అయినా పగ చల్లారలేదు సరికదా, రుచి మరిగింది.

ఆ ఆదివారం ఎలుకపిల్లలు గూబత్త కూర్చోబోతుండగా వెనకనుంచి కుర్చీ లాగేశాయి. బుడ్డి నేలమీద దొర్లి నవ్వింది. వదిన కూడా నవ్వి, కాఫీ కప్పు బల్లమీద పెట్టడానికి లేచింది. తిరిగి కూర్చోబోయింది.

"ఇంత దానికేనా!" అని అరిచి బుడ్డి కుర్చీ లాగేసింది.

ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. బుడ్డి చప్పట్లు కొట్టి ఎదురుచూసింది. "లే అత్తా. లేచి దులుపుకో." అత్త లేవలేదు. పిల్ల నవ్వు ముఖం మీదే ఎండిపోయింది.

గుమ్మంలోంచి తల్లి పరుగెత్తుకొచ్చింది. కానీ పరుగుకు ముందు, కన్నుమూసి తెరిచేంతసేపు, ఆమె గుండెలో సంతోషం ఎగిసింది. అది ఆమెకు స్పష్టంగా తెలిసింది.

తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఎలా పడ్డారని డాక్టరు అడిగితే, "కుర్చీ ఉందనుకుని కూర్చున్నాను, నా మతిమరుపు," అంది వదిన.

బుడ్డి రెండు పూటలు ముద్ద ముట్టలేదు. చివరికి తల్లి ఒళ్ళో తల దూర్చి, "నేను ఎలుకపిల్లనే కదమ్మా? ఎలుకపిల్లలు మంచివే కదా? చెడ్డవాళ్ళకి నొప్పి పుట్టదు కదా?" అని అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం తల్లి ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళింది. జాలితో వెళ్ళలేదు, ఉడికిపోతూ వెళ్ళింది.

"ఎందుకు అబద్ధమాడారు వదినా? జీవితాంతం మీ ముందు తల వంచుకు తిరగాలనా?"

"పిల్ల భయపడుతుందని."

"పిల్ల కోసమా, నా మీద గెలవడానికా?"

వదిన దిండు మీద మెల్లగా ముఖం ఇటు తిప్పింది. "గూబ నేనేనని మొదటి ఆదివారమే తెలుసమ్మా. శాలువా రంగుతో సహా దించేశావు. లెక్కల టీచర్ని, ఒకటీ ఒకటీ కూడుకోలేనా?"

"తెలిసీ... వచ్చి కూర్చునేవారా?"

"ఆ రోజు నేనన్న మాటకి ఆమాత్రం పడాల్సిందేలే అనుకున్నా. ఈ వారంతో నీ కడుపుమంట చల్లారుతుంది, ఈ వారంతో సరి అనుకునేదాన్ని. ఎన్నిసార్లు పడ్డా సరిపోలేదు. పైగా నువ్వే చిక్కి సగమయ్యావు."

"ఎలా సరిపోతుంది?" ఆమె గొంతు గది దాటింది. తలుపు దగ్గర నర్సు తొంగిచూసినా ఆగలేదు. "నా బిడ్డ ఎలుకపిల్లా? ఒక్క మేజోడు! ఒక్కటంటే ఒక్కటి ఉంచితే మీ సొమ్మేం పోయేది? చేతిలో పట్టుకుని ఏడవడానికైనా ఏమీ మిగల్చలేదే!"

మూడేళ్ళుగా మింగిందంతా కక్కేసింది. వదిన ఒక్క మాటకీ అడ్డు రాలేదు. కళ్ళద్దాలు లేని ఆ కళ్ళు ధారగా కారుతున్నాయి.

"దుఃఖాన్ని చిన్నదంటే చిన్నదైపోతుందనుకున్నా," అంది చివరికి. "మా అమ్మ పోయినప్పుడూ అంతే చేశా. అమ్మ బట్టలన్నీ ఇచ్చేసి, 'ఏం కాలేదు, పోయి ఆడుకో' అన్నా తమ్ముడితో. అందుకే వాడు ఇప్పటికీ నోరు విప్పడు. మీ ఇద్దరికీ అన్యాయం చేశాను. క్షమించమని మాత్రం ఇప్పుడు అడగను. ఈ కట్టుతో పడున్నదాన్ని అడిగితే నువ్వు కాదనలేవు."

ఆమె స్టూలు మీద కూలబడింది. కోపం పోలేదు గానీ, దానికి నిలబడే చోటు లేకుండా పోయింది.

"మీరు పడినప్పుడు నాకు సంతోషమేసింది వదినా."

"తెలుసు. నీ ముఖం నాకెదురుగానే ఉంది."

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. "చెడ్డవాళ్ళకి నొప్పి పుట్టదు కదా అని అడుగుతోంది బుడ్డి. అది నేను నేర్పిందే. ఇప్పుడేం చెప్పను?"

"నా దగ్గరికి తీసుకురా. నొప్పి పుట్టిందని నేనే చెబుతా. దాని మీద కోపం లేదనీ చెబుతా. రెండూ చెప్పాలి. ఒకటి దాచిపెడితే రెండోది నమ్మదు."

తర్వాత వదిన చెయ్యి చాచి, తడబడుతూ అడిగింది.

"బిడ్డకు పేరేమనుకున్నావమ్మా?"

ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. కట్టుకున్నవాడు కూడా. ఆమె వంగి వదిన చెవిలో చెప్పింది. వదిన పెదవులు ఆ పేరును మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పైకి పలికాయి. ఆ పేరు ఇంకొకరి గొంతులో వినడం ఆమెకు అదే మొదటిసారి.

"మళ్ళీ అనండి వదినా," అందామె.