ఏడు సెకన్ల ఖాళీ

ఆ ముప్పై లైన్ల కోడ్ మీద చెయ్యి వెయ్యొద్దని, అంతకుముందు ఆ ప్రోగ్రామ్ చూసుకున్నవాళ్లలో ఓ మాట ఉండేదట. తీసేద్దామని కూర్చున్న ఇద్దరూ సగంలోనే వదిలేసి, మళ్లీ ఆ పని మొహం చూడలేదు...

ఇది మా వదిన చెప్పింది. చూపులేని వాళ్లకి తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఉచిత ప్రోగ్రామ్ ఒకటుంది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. ఉద్యోగం పని అయ్యాక ఇప్పుడు దాన్ని చూసుకునేది వదినే.

ఆ ముప్పై లైన్లు చేసేది ఒక్కటే — ఓ మీట మూడుసార్లు నొక్కితే, చదవడం ఏడు సెకన్లు ఆగుతుంది. అంతే. ఎందుకో ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. మొదట రాసినాయన పోయి పదకొండేళ్లు.

కొత్త వెర్షన్‌కి అది అడ్డుపడుతోంది. ఎవరైనా వాడుతున్నారా అని వదిన ఆన్‌లైన్‌లో అందరినీ అడిగింది. నెల ఆగింది. ఉలుకూ పలుకూ లేదు. తీసిపారేసి, కొత్తది అందరికీ పంపేసింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద ఉండగా ఫోన్. ఓ పెద్దావిడ. ఆ రాసినాయన భార్య. చూపు లేదు.

మీట పనిచెయ్యట్లేదంది. అది ఉత్త ఖాళీయేనండీ అని వదిన నచ్చజెప్పబోయింది.

“ఖాళీ కాదమ్మా,” అందావిడ మెల్లగా. “అప్పుడే కదా ఆయన మాట్లాడేది...”

వదిన పాత కోడంతా గాలించింది. గొంతు రికార్డు చేసిన ఫైలు ఒక్కటీ లేదు. ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టడం — అంతకుమించి ఏమీ లేదు.

అయినా మనసొప్పలేదు. అక్షరం పొల్లుపోకుండా తిరిగి పెట్టేసింది. మర్నాడు ఆవిడ కంప్యూటర్‌లోకి ఇక్కణ్ణుంచే ఎక్కించి, ఫోన్‌లో ఉండి, నొక్కమంది.

టక్... టక్... టక్.

చదివే గొంతు ఆగింది. రెండు సెకన్లు... మూడు... అప్పుడు ఫోన్‌లో, ఆవిడ పక్కనే నిలబడ్డట్టు — మగగొంతు.

వదినకి స్పష్టంగా వినపడింది. భయం కన్నా ముందు, హమ్మయ్య అనిపించిందట.

“మాట్లాడారు కదండీ?”



“ఎవరమ్మా?” అందావిడ. “నాకేం వినపడలేదు...”

మళ్లీ నొక్కించింది. ఆవిడ ఊపిరి బిగబట్టి వింది. నాలుగుసార్లు. ప్రతిసారీ వదినకి వినపడింది... ఆవిడకి లేదు. చివరికి ఆవిడే, పోనీలేమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు, అని ఫోన్ పెట్టేసింది.

ఆ గొంతు ఏమందో వదిన ఆవిడకి చెప్పలేకపోయింది. నాకు చెప్పింది, గొంతు తగ్గించి —

“ఇక్కడే ఉన్నానే... పిలుస్తుంటే పలకవేం?”