కాంతం చీర రంగు

పాలకేంద్రం ముందు కొండలు, వీరేశం గొంతులు చించుకుంటున్నారు. గేదె తాడు తెంచుకుందని కొండలు, కాదు నువ్వే విప్పి నా జొన్నలోకి తోలావని వీరేశం. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరి పాలు వాళ్ళు పోసుకుంటున్నారు.

"సాయంత్రం దాకా అరుచుకోండి. ఆ తర్వాత మీకే నవ్వొస్తుంది" అంది సువార్తమ్మ.

ఆ ఊళ్ళో తగాదా పొద్దుగూకేదాకానే. ప్రతివాళ్ళ చెవి వెనకా శనగగింజంత పొందికపూస ఉంటుంది. దీపాలవేళ ఊరి మధ్య స్తంభం తుమ్మెదలా రొద చేస్తుంది. ఒకే సంగతిని తలా ఒకరకంగా చూసినవాళ్ళ జ్ఞాపకాలను పూస ఆ రొదలో సరిపోల్చి, ఒకటిగా పొందిస్తుంది. తెల్లారేసరికి అందరికీ ఒకటే గుర్తుంటుంది. గట్టు గొడవలు పోయాయి. కోర్టున్న ఊరికి వెళ్ళే బస్సు కొన్నాళ్ళు ఖాళీగా తిరిగి, ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం నాంచారమ్మ ఇంటి అరుగు మీద అందరూ కలిసి నవల చదివారు. పొలాలకెళ్ళే తల్లులు బిడ్డల్ని అప్పగించి పోయేది ఆమెకే. బిడ్డలు నిద్రపోయే వేళ ఆమెకు పుస్తకం కావాలి. ఆ ఊళ్ళో చదవడమంటే నాటకం లెక్క. తలా ఒక పాత్ర పంచుకుని "నేను" అని చెప్పాలి. "అతను" అంటే ఎవరూ వినరు.

నవల అట్ట చిరిగిన పాతది. రేవులో కాంతం అనే ఆమె మునిగి చచ్చిపోతుంది. చూసినవాళ్ళు ముగ్గురు, మూడు రకాలుగా చెబుతారు. అలాంటి కథ ఆ అరుగు మీద అదే మొదలు. పడవవాడుగా కొండలు, కాంతం మరిదిగా వీరేశం, పొరుగింటామెగా నాంచారమ్మ చదువుతున్నారు.

"కాలు జారింది. నేను చూశాను" అన్నాడు కొండలు.

"జారలేదు, తనే దూకింది. నేను చూశాను" అన్నాడు వీరేశం.

"పొద్దుటి గేదె పంచాయితీయే" అని నవ్వింది సువార్తమ్మ. "ఇంతకీ అబద్ధం ఎవరిది వదినా?"

నాంచారమ్మ ఆ నవలను అంతకుముందే ఒంటరిగా ఎన్నోసార్లు చదివింది.

"అబద్ధమని కాదు. తనకు అక్కర్లేనిది ఎవరూ చూడలేదు. పడవవాడు పడవను చూశాడు. మరిది ఇంటి పరువును చూశాడు. పొరుగింటామె మాత్రం అందరి చేతులూ చూసింది. పడవవాడి చేతిలో తెడ్డు, మరిది చేతులు కట్టుకున్నాడు, కాంతం చేతిలో బిందె. ఆ పొరుగింటామె తన చేతులు ఎక్కడున్నాయో చివరిదాకా చెప్పదు."

"అయితే?"

నాంచారమ్మ పొరుగింటామె గొంతుతో, అరచేతులు రెండూ ముందుకు చాచింది. "నేనే తోశాను."

కొండలు చప్పట్లు కొట్టాడు.

ఆ సాయంత్రం స్తంభం రొద ఎంతకీ ఆగలేదు.

మర్నాడు బిడ్డలెవరూ రాలేదు. నాంచారమ్మ ఉయ్యాల దులిపి కూర్చుంది. బిడ్డను చంకనేసుకుని పోతున్న ఓ తల్లి ఆమెను చూసి, బిడ్డను అటు చంకకు మార్చుకుంది.

నాంచారమ్మ లేచి పాలకేంద్రానికి నడిచింది. కొండలు, వీరేశం ఒకే బల్ల మీద టీ తాగుతున్నారు. పక్కనే సువార్తమ్మ. ఆమెను చూసి సువార్తమ్మ పక్కకు జరిగింది.

"ఏమైందిరా?"

"ఏం లేదత్తా" కొండలు తలెత్తలేదు. "అంత పని చేసినదానివి, ఊళ్ళో ఎట్లా ఉంటావా అని."

"ఏం పని?"

"కాంతాన్ని తోశావుగా. మేం చూశాం."

"అది కథరా! మనకు రేవెక్కడుంది? ఏరు ఎండి ఎన్నేళ్ళయింది?"

"ఆవేళ నీళ్ళున్నాయి" అన్నారు ఇద్దరూ.

అప్పుడర్థమైంది ఆమెకు. స్తంభానికి కథేదో కళ్ళారా చూసిందేదో తెలియదు. "నేను చూశాను" అన్న మాట ఒక్కటే తెలుసు. తను ఒంటరిగా ఎన్నోసార్లు చదివి ఉండబట్టే తనకింకా అది కథేనని గుర్తుంది.

ఇంటికి పరుగున పోయి నవల తెచ్చి, సువార్తమ్మ చేతిలో పెట్టింది. "చూడు. కాంతం ఇందులో మనిషి."

సువార్తమ్మ వేలు పెట్టి చదివింది.

"పుస్తకంలో కూడా రాశారన్నమాట" అంది. "పసిబిడ్డల్ని నీ చేతుల్లో పెట్టాం గదా వదినా."

నాంచారమ్మకు ఒక ఉపాయం తోచింది. కాంతం చీర సంగతి నవలలో ఎక్కడా లేదు. అడిగితే తలా ఒకటి చెబుతారు, కట్టుకథ విడిపోతుంది.

"ఆవేళ ఆమె చీర ఏ రంగు?"

"చిలకపచ్చ" అన్నారు ముగ్గురూ.

నాంచారమ్మ నవల తీసుకుని వెనక్కి తిరిగింది. వాళ్ళు చెప్పకముందే ఆ రంగు ఆమె నాలుక మీదికొచ్చేసింది; చేయి చెవి వెనక పూసను తడిమింది.

ఇంటికి పోయి, ఎవరూ చెప్పకుండానే, ఉయ్యాల తాళ్ళు విప్పి మడిచి పెట్టింది.