కుప్పంలో ఒక్క మగ్గం

మదనపల్లెలో దేవరాజు ఇంట తాంబూలాలు మార్చుకుంటున్న రోజే ధనుంజయ సర్వే కాగితాలతో ఆ గుమ్మం ఎక్కాడు. పెళ్లికూతురు స్వర్ణ. పెళ్లికొడుకు పక్క వీధిలో ఎనిమిది మగ్గాలున్న వసంతమ్మ కొడుకు.

దేవరాజు ధనుంజయ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. "మీ మాట విని ఈ ఊరికి వచ్చినందుకే మా పాపకు ఈ సంబంధం కుదిరింది సారూ."

ధనుంజయ నవ్వాడు. పళ్లెంలో పెట్టిన మైసూరుపాకు తిన్నాడో లేదో అతడికి గుర్తు లేదు.

ఏడాది కిందట అతడు స్వర్ణను మొదట చూసింది కుప్పంలో. అతడు పుంగనూరు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు. పీహెచ్‌డీ కోసం పట్టుచీరల మగ్గాలు లెక్కపెడుతున్నాడు. ఒకే పని చేసేవాళ్లు ఒకే ఊళ్లో గుంపుగా ఉంటే ఒక్కొక్కరి ఉత్పత్తి ఎంత పెరుగుతుందన్నది అతడి ప్రశ్న. మదనపల్లెలో వీధులకు వీధులే మగ్గాలు. పుంగనూరులో పదకొండు. కుప్పంలో అతడికి దొరికింది ఒక్కటే.

"నెలకు ఎన్ని చీరలు?"

"రెండు."

"మదనపల్లెలో నాలుగు నేస్తారే."

పోగుల మధ్య అటూ ఇటూ తోస్తున్న నాడెను ఆమె ఆపింది. "అయితే ఆడికే పొండి సార్. ఈడికి యాల వచ్చినారు, మమ్మల్ని సోమరోళ్లని రాసుకునేదానికా?"

"అట్ల కాదు..."

"పడుగు దారాలు అయిపోతే కొత్తవి అతికే మనిషి ఆడ పక్కింట్లోనే ఉండాడు. మా దగ్గరికి రావాలంటే వారం. ఎన్ని చీరలని అడుగుతాండారు గానీ, మగ్గం ఎన్ని దినాలు ఊరికే ఉండాదని అడగరే."

తిరుగు బస్సులోనే అతడు ప్రశ్నల పత్రం మార్చేశాడు. మూడు ఊళ్లలోనూ మగ్గం ఆగిన రోజులు రాసుకున్నాడు. అవి తీసేసి చూస్తే, రోజుకు నేసే కొలతలో స్వర్ణ మదనపల్లె వాళ్లకంటే రెండు బెత్తలు ముందుంది.

ఆ మాట చెప్పడానికని వెళ్లాడు. తర్వాత వారం వారం ఏదో ఒక నెపంతో వెళ్లాడు.

"పోయిన వారం అడిగిందే అడుగుతాండారు."

"సరిచూసుకోవాలి గదా."

"మా నాయన వయసు కూడానా? మూడుసార్లు రాసుకున్నారు."

వాన వస్తే పట్టు చెమ్మ పీలుస్తుందని ఆమె కిటికీ మూసేది. ఆ మసక వెలుతురులో అతడు తల వంచి రాస్తూ ఉండేవాడు.

"సార్, పెన్ను మూత తీయండి."

ఒకరోజు దేవరాజు అడిగాడు. "మేము మదనపల్లెకు పోతే బాగుంటాదా సారూ?"

ధనుంజయ అంకెలు చెప్పాడు. అన్నీ నిజమైన అంకెలే. పుంగనూరు నుంచి మదనపల్లె దగ్గరని, తనకు అదే కావాలని మాత్రం చెప్పలేదు.

మగ్గం విప్పుతున్న రోజు స్వర్ణ వాకిట్లో నిలబడింది.

"మేము పోతే మీ లెక్కలో కుప్పం సున్నా అయిపోతాది."

"పోనీలే."

"సర్వే చేసేవాళ్లు అట్ల అనొచ్చునా సార్?" ఆమె అతడి ముఖంలోకి చూసింది. "ఇంక అడగాల్సింది ఏమన్నా ఉండాదా?"

మాట నోటిదాకా వచ్చింది. వెనక దేవరాజు కొయ్యలు బండికి ఎక్కిస్తున్నాడు. మదనపల్లెలో కుదురుకున్నాక నిదానంగా అడగొచ్చు అనుకున్నాడు.

"ఏం లేదు" అన్నాడు.

అతడి అంచనా తప్పలేదు. మదనపల్లెలో వాళ్ల చీరలు రెండు నాలుగయ్యాయి. పడుగు అతికే మనిషి పిలిచిన పూటే వచ్చేవాడు. పక్క వీధి వసంతమ్మ ఆమె నేత చూడటానికి వచ్చింది, నాలుగు రోజులు చూసింది, కొడుక్కి పిల్లను అడిగింది. మనుషులు దగ్గరగా ఉన్నచోట సంబంధాలు కూడా అంతే త్వరగా కుదురుతాయని అతడు అనుకోలేదు. ఇదంతా జరిగిన ఏడు వారాలూ అతడు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు.

తాంబూలాల రోజు కాఫీ ఇస్తూ స్వర్ణ మెల్లగా అంది.

"ఏడు వారాలు రాలేదు సార్."

"పేపర్లు దిద్దతా ఉంటిని."

"రెండుసార్లు మా నాయనను ఆగమన్నాను. యాల ఆగాలని అడిగినాడు. చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేకపోయె."

అతడు గ్లాసు కింద పెట్టాడు. "ఆ అబ్బాయి..."

"మంచోడే." ఆమె లోపలికి వెళ్లిపోయింది.

జూన్‌లో ధనుంజయ తన థీసిస్ అధ్యాయాలన్నీ గైడుకు ఇచ్చాడు. ఆయన ఒక్కచోట మాత్రం పెన్సిలుతో గీత గీసి పంపారు. కుప్పంలోని ఆ కుటుంబం ఊరు మారడానికి కారణం ఏమిటో రాయమన్నారు.

ఆ పేరా అతడు ఇంకా రాయలేదు.