చీకట్లో తెల్లబడిన కోటు

చెరిగిపోయిందనుకున్న కెమెరా రికార్డింగు దొరికిందని యజమాని అల్లుడు కబురు తెచ్చేసరికి వయొలిన్ల దుకాణంలో ముఖాలన్నీ వెలిగాయి. ఎక్కువ సంబరపడింది యజమాని మేనకోడలే. పాత వయొలిన్ ఆమే కాజేసిందని మామయ్య అనుమానం. సాయంత్రంలోగా తేలకపోతే పోలీసులకి అప్పగిస్తానన్నాడు.

యజమాని పిలిపించిన డిటెక్టివ్ ముందు రికార్డింగు వేశారు. కిటికీలు లేని సామాన్ల గదిలో, తెల్లకోటు మనిషి కెమెరాకి వీపు పెట్టి వయొలిన్ ఎత్తుకుపోతున్నాడు. అక్కడ తెల్లకోటు మేనకోడలిదొక్కటే. మామా అల్లుళ్లవి నల్లవి.

"దొంగతనం జరిగిన రోజు నడవలో నేను చూసిన వీపుకి నల్లకోటే ఉంది మేడమ్," అంది మేనకోడలు డిటెక్టివ్‌తో.

"కెమెరా అబద్ధమాడుతుందా?" అన్నాడు అల్లుడు.

"ఆడదు. మనలా చూడదు, అంతే," అంది డిటెక్టివ్. ఆమెకి అసిస్టెంటు భర్తే. పెళ్లయి నెల తిరగలేదు. భార్య కనుబొమ ఎగరేస్తే చాలు, అతనికి పండగే.

"నీ కోటుకి ముందు బొత్తాల్లేవేం?" అని మేనకోడల్ని అడిగింది.

"బొత్తాలు తగిలితే పాలిష్ మీద గీతలు పడతాయండీ. అందుకే వెనక ముడులు."

"ఆ గది గుమ్మానికున్న కర్టెన్ రంగు?"

"నలుపు," అన్నాడు యజమాని.

"రికార్డింగులో?"

పాలలా తెల్లగా ఉంది.

డిటెక్టివ్ అందర్నీ సామాన్ల గదిలోకి నడిపించి లైటు ఆర్పింది. భర్త చేతిలోని ఫోనులో కెమెరా బొమ్మ కదిలింది. యజమాని కోటు బొగ్గులా ఉంది. అల్లుడి కోటు మల్లెపువ్వు.

"చీకట్లో మన కంటికి రంగులు అందవు. ఈ కెమెరా మనకి కనబడని వెలుతురు తనే వదులుతుంది. కొన్ని నల్లగుడ్డలు దాన్ని తిప్పికొట్టి, కెమెరాకి తెల్లగా కనిపిస్తాయి."

"దీని కోటూ తెల్లగానే ఉందిగా," అన్నాడు అల్లుడు, మేనకోడల్ని చూపించి.

"దొంగ వీపు మీద ముడులేవండీ? రికార్డింగు చెరిగిపోయిందని చెప్పి దాచింది మీరే. తర్వాత దాన్ని వేసి చూస్తే మీ కోటు తెల్లగా కనబడింది. నేరం ఈమె మీదికి పోతుందని ధైర్యమొచ్చి మీరే తెచ్చిచ్చారు."

అల్లుడు కారు తాళాలు తీసి ఇచ్చాడు. "దుకాణం దీనికి రాసిస్తానన్నారు మామయ్య... వయొలిన్ నా కారు డిక్కీలో ఉంది."

"మా ఆవిడండీ," అన్నాడు అసిస్టెంటు, ఎవరూ అడక్కుండానే.

వయొలిన్ వచ్చింది, పక్కన చిన్న పగులుతో. యజమాని తలెత్తలేకపోయాడు. మేనకోడలు పగులు మీద వేలు నడిపింది.

"రేపు పొద్దున్నే దీన్ని అతికిస్తాను మామయ్యా. జిగురు ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి. మీరు రావాలి."