కళ్లాపి చల్లిన ప్లాస్టిక్ గడ్డి

"మీరేసిన గడ్డిలో పుట్టగొడుగులు మొలిసినాయండి. కూరొండుకోమంటారా, మీరొచ్చి కోసుకెళ్తారా?"

నీలవేణి ఫోన్లో నాతో మాట్లాడిన మొదటి మాట అది. రెండు వేల పదిహేడు, వానాకాలం. ప్లాస్టిక్ గడ్డిలో పుట్టగొడుగులేమిటండీ అని నవ్వాను. వెంటనే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. నాలుగున్నాయి, తెల్లగా, బొద్దుగా. నవ్వడం మానేశాను.

నా పేరు హరిబాబు. మాది గజపతినగరం. ఆర్టిఫిషియల్ గడ్డి పరచడం నా పని. బొబ్బిలి టెంట్‌హౌస్ నరసింగరావుగారు విశాఖపట్నంలో ఏదో హోటల్లో ఈ గడ్డి చూసి ముచ్చటపడి, నాతో వాకిలంతా వేయించుకున్నారు. ఆ రోజు ఆయన కూతురు నీలవేణి ఊళ్లో లేదు. ఉండి ఉంటే పని ఇంకాస్త శ్రద్ధగా చేసేవాణ్నేమో.

వెళ్లి ఒక మూల ఎత్తి చూశాను. తప్పు నాదే. వాకిలి మీద ఒకవైపు పనసచెట్టు నీడ, ఇంకోవైపు పక్కింటి మేడ నీడ. ఎండ పడదు. కింద బంకమన్ను, నీళ్లు దిగవు. నేనేమో బద్ధకించి, మన్ను తవ్వకుండా పైన ఇసుక జల్లి గడ్డి పరిచేశాను. మన్ను ఉబ్బింది, అతుకులు లేచాయి, కంపు సరేసరి.

"మొన్న మా నాన్న జారి పడిపోనారు," అంది నీలవేణి. "లెగిసి, ఆదివారం నాటికి బాగవకపోతే దీన్ని పీకీసి సిమెంటు ఏయించీస్తానన్నారు."

సిమెంటు వేస్తే నా పేరు పోతుంది. అప్పటికి నా భయం అదొక్కటే. ఇంకోటి తర్వాత చేరింది.

రెండు రోజులు నాలుగంగుళాల మన్ను తవ్వి తీసి, కంకర పోసి, క్రషర్ రాతిపొడి పరిచి దిమ్మిస కొట్టి, నీళ్లు కాలువలోకి పోయేలా వాటం పెట్టాను. చివరికి అతుకులకి జిగురు రాశాను. ఆ తేమలో అది ఆరేలా లేదు. నీలవేణి టెంట్‌హౌస్‌లోంచి పెళ్లిళ్లకి పెట్టే పెద్ద పెడస్టల్ ఫ్యాను ఈడ్చుకొచ్చి, ఎంతసేపు పడుతుందని అడిగింది. ఆ గాలికి గంట చాలు. నాలుగు గంటలన్నాను.

నాలుగు గంటలూ ఇద్దరం మెట్ల మీద కూర్చుని జిగురుకి కాపలా కాశాం. చినుకులు పడితే టార్పాలిన్ చెరో కొసా పట్టుకున్నాం. ఆమె బీఈడీ చదువుతోందనీ, పనసతొనలంటే ప్రాణమనీ, నవ్వే ముందు కళ్లు చిన్నవవుతాయనీ తెలిసింది. మొదటి రెండూ ఆమె చెప్పింది.

మూడు వారాలకి మళ్లీ ఫోను. గడ్డి అంతా పాకుడట. ఎగిరి గంతేసి, చెడింది నా పనేనని గుర్తొచ్చి, బాధపడ్డాను. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లి గేటు తీశానో లేదో, నీలవేణి మామ్మ సుభద్రమ్మగారు బక్కెట్టుతో నా పచ్చటి గడ్డి మీద పేడనీళ్ల కళ్లాపి చల్లుతూ కనిపించారు. నీళ్లు దిగే చిల్లులన్నీ పేడతో పూడిపోయి ఉన్నాయి.

అది ప్లాస్టిక్ గడ్డి అని మెల్లగా చెప్పి చూశాను.

"అయితే ఏటి? వాకిలి కాదేటి? కళ్లాపి సల్లని ఇంటికి లచ్చిందేవి వస్తాదేటి బాబు?"

గడ్డి అంతా బ్రష్షుతో తోమి కడిగి, గుమ్మం ముందు మంచమంత మేర కోసి తీసేసి, అక్కడ మళ్లీ మట్టి పోశాను. అది మామ్మగారిది, కళ్లాపికీ ముగ్గుకీ. ఆవిడ నన్ను దీవించారు. నాకే దిగులు పట్టుకుంది. ఇక గడ్డి చెడదు. చెడకపోతే బొబ్బిలిలో నాకేం పని?

పదిహేను రోజులకే చెడింది. ఈసారి నరసింగరావుగారే ఫోన్ చేశారు. "రేపు తాపీమేస్త్రీ వస్తాడు. నీ గడ్డి నువ్వట్టుకెళ్లిపో బాబు."

మర్నాడు వెళ్లేసరికి సన్నగా వాన. మామ్మగారు చూరు కింద తన మట్టిలోనే బుద్ధిగా ముగ్గు పెడుతున్నారు. అవతల నీలవేణి వానలో తడుస్తూ, మోకాళ్ల మీద కూర్చుని గడ్డి తోముతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మామ్మగారు మళ్లీ చల్లారా?"

"మామ్మ కాదండి. నేనే పేడనీళ్లు పోసినాను." బ్రష్షు ఆగలేదు. "బాగయిపోతే మీరింక రారు కదా. సిమెంటు దాకా వస్తాదనుకోలేదు."

ఇంత ఆనందం ఒక్కణ్నే మోయలేననిపించి, నేనూ నిజం చెప్పేశాను.

"జిగురు గంటలో ఆరిపోతుందండి."

"తెలుసు. డబ్బా మీద రాసున్నాది."

నరసింగరావుగారు నోట్లో బ్రష్షుతో గుమ్మంలో నిలబడి అంతా విన్నారని అప్పుడు చూశాను. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మామ్మగారు మాత్రం ముగ్గు మీంచి తలెత్తలేదు.

"ఒరే నరసింగా, మేస్త్రీని ఎళ్లిపోమను. సిమెంటేసీస్తే పెళ్లిపందిరి గుంజలెక్కడ పాతుతావు?"

ఆయన టెంట్‌హౌస్ మనిషి. ఆ మాట సూటిగా తగిలింది. నన్నూ, కూతుర్నీ, గడ్డినీ మార్చి మార్చి చూశారు. నురగ ఉమ్మేసి, ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా అని లోపలికెళ్లిపోయారు.

మాఘంలో పెళ్లయింది. గుంజలు పీకాక గడ్డిలో తొమ్మిది కన్నాలు తేలాయి. మామగారు నన్ను పిలిచి, అతికిస్తే ఆరడానికి ఎంతసేపు పడుతుందని అడిగారు.

నాలుగు గంటలన్నాను.

నీలవేణి పెడస్టల్ ఫ్యాను ఈడ్చుకొచ్చి, కన్నాల పక్కన నిలబెట్టి, వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. ప్లగ్గు పెట్టలేదు.